అన్ని తరగతులూ ఒకే గదిలో ఉంటే పిల్లలు వెనకబడతారా?

మీ పాపను ఒకటో తరగతిలో చేర్చాలనుకుంటున్న బడిలో ఐదు తరగతులూ ఒకే గదిలో ఉన్నాయి, ర్యాంకుల్లేవు, పరీక్షల్లేవు, అక్కడ చదువు వస్తుందా అని అడిగారు. వస్తుంది. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ వాళ్ళు నడిపే పల్లె బడుల్లో ఒకదానిలో నేను టీచరుగా పనిచేశాను కాబట్టి ధైర్యంగా చెప్తున్నాను.

రిషి వ్యాలీ అంటే చాలామందికి జిడ్డు కృష్ణమూర్తి గారి హాస్టలు బడే గుర్తొస్తుంది. చుట్టుపక్కల పల్లెల పిల్లల కోసం 1980ల నుంచి వాళ్ళు చిన్న చిన్న బడులు కూడా నడుపుతున్నారు. వాటి కోసం పద్మనాభరావు, రమ దంపతులు తయారుచేసిన పద్ధతి మీరు చెప్పిన బడి లాంటిదే.

అక్కడ పాఠ్యపుస్తకం బదులు కార్డులుంటాయి. గోడ మీద నిచ్చెనలా ఒక చార్టు ఉంటుంది. తాను ఏ మెట్టు దగ్గరుందో చూసుకుని పిల్ల తనే ఆ కార్డు వెతికి తెచ్చుకుంటుంది. కార్డు మీది గుర్తును బట్టి టీచరు దగ్గర కూర్చోవాలో, తోటివాళ్ళతో చెయ్యాలో, ఒక్కతే చెయ్యాలో తెలిసిపోతుంది. పరీక్ష కూడా ఉంటుంది. కొన్ని కార్డులు అయ్యాక వచ్చే కార్డు పరీక్షే. రాకపోతే ఇంకొంచెం సాధన చేయిస్తాం, వస్తే పై మెట్టు ఎక్కుతుంది. ఎవరికి వాళ్ళదే కాబట్టి టెన్షన్ ఉండదు.

దీని విలువ నాకు టమోటా కోతలప్పుడు బాగా తెలిసొచ్చింది. మా వైపు కోతలకో, చెనక్కాయలు పీకడానికో పెద్దవాళ్ళు పొద్దున్నే పోతే తమ్ముణ్ణి చూసుకుంటూ అక్క ఇంట్లో ఉండిపోతుంది. మామూలు బడిలో ఆ పిల్ల వచ్చేసరికి పాఠాలు ఎక్కడికో వెళ్ళిపోయి ఉంటాయి. అర్థం కాక, అడగడానికి సిగ్గుపడి, మెల్లగా మానేస్తుంది. మా దగ్గర నేరుగా చార్టు దగ్గరికి వెళ్ళి, ఆగిన చోటి కార్డు తీసుకుని కూర్చునేది. ఇలా బడి మానకుండా నిలబడ్డ ఆడపిల్లల్ని నేను కళ్ళారా చూశాను.

ఊరితో సంబంధం గురించి కూడా చెప్పాలి. తూకాలు, కొలతలు వచ్చిన పిల్లలతో మెట్రిక్ మేళా పెట్టేవాళ్ళం. పిల్లలే తక్కెడ పట్టి కూరగాయలు అమ్ముతారు, వచ్చినవాళ్ళ ఎత్తూ బరువూ చూస్తారు. ఒకసారి ఒక అవ్వ అరకిలో వంకాయలు కొని, చిల్లర తక్కువొచ్చిందని మూడో తరగతి పిల్లవాణ్ణి నిలదీసింది. వాడు ఏడవలేదు. పలక మీద మళ్ళీ లెక్కేసి, ఆమెకు చూపించి, మిగతా డబ్బులిచ్చాడు. నా దృష్టిలో అంతకన్నా మంచి లెక్కల పరీక్ష లేదు. అమ్మలు కూడా బడికొచ్చి కథలు చెప్పేవాళ్ళు. చదువు రాని అమ్మ చుట్టూ పిల్లలందరూ కూర్చుని వింటుంటే ఆమె బిడ్డకు ఎంత గర్వమో!

కర్ణాటక ప్రభుత్వ బడుల్లో 1995లో మొదలైన నలి-కలి అనే ఆడుతూ పాడుతూ నేర్చుకునే పద్ధతికీ, 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల్లో ఇలాంటి కార్డుల చదువు రావడానికీ ఈ పల్లె బడులే దారి చూపాయి. అయితే కార్డులు పెట్టినంత మాత్రాన సరిపోదు. చిరిగినవి మార్చకపోయినా, టీచరు కుర్చీలోంచి లేవకపోయినా పద్ధతి పేరుకే మిగులుతుంది. అందుకే చేర్చేముందు ఒక పూట అక్కడ కూర్చోండి. ఎవరో ఒక పిల్లను చూపించి, ఆమెకు ఏది వచ్చు, ఏది ఇంకా రాలేదని టీచరును అడగండి. రిజిస్టరు తీయకుండా చెప్పగలిగితే చేర్చేయండి. ఆరో తరగతికి వేరే బడికి మారినప్పుడు మొదట్లో కొంచెం ఇబ్బంది పడతారు, కానీ చదవడం, లెక్క గట్టిగా వచ్చినవాళ్ళు సర్దుకుంటారు.