మీరు అడిగారు: పాతిక వేలలో ఇంటికి కంప్యూటర్

ప్రశ్న: మాది తిరుపతి కొర్లగుంట. ఇంట్లోనే మిషన్ కుడతాను. మా అమ్మాయి డిగ్రీలో బీఎస్సీ కంప్యూటర్స్ తీసుకుంది. పాతిక వేల దాకా పెట్టగలను. ఒక షాపులో సెకండ్ హ్యాండ్‌ది ‘ఐ5, 16 జీబీ ర్యామ్, 19 అంగుళాల మానిటర్, అన్నీ కలిపి 13 వేలు’ అంటున్నారు. కొత్తదయితే 32 వేలట. పాపకు కళ్లద్దాలున్నాయి. ఏది తీసుకోమంటారు?

జవాబు: అమ్మా, ఆ 13 వేల సెట్‌కి ఇప్పుడే అడ్వాన్స్ ఇవ్వకండి. ముందు ఒక నంబర్ చూడాలి. ఐ5 అంటే కంప్యూటర్‌కి మెదడులాంటి ఇంటెల్ ప్రాసెసర్ పేరు, దాని పక్కన నాలుగైదు అంకెలుంటాయి. ఐ5-3470 అని ఉంటే మూడో జనరేషన్, 2012లో వచ్చిన సరుకు. ఐ5-8500 అయితే ఎనిమిదో జనరేషన్, 2018ది. 10400లాగా ఐదంకెలుంటే మొదటి రెండూ కలిపి చదవాలి, అది పదోది. ఇంటెల్‌లో ఎనిమిదో జనరేషన్ నుంచే విండోస్ 11కి అధికారికంగా వీలుంది. అంతకంటే పాతది చవగ్గా వస్తోందని తీసుకోకండి.

ఇది నేను డబ్బులు పోగొట్టుకుని నేర్చుకున్నది. 2020లో ఆన్‌లైన్ క్లాసుల కోసం మా తమ్ముడి కొడుక్కి ఒకటి కొన్నాను. సీపీయూ డబ్బా మీద ఐ5 స్టిక్కర్ చూసి నమ్మేశాను. ఇంటికి తెచ్చాక చూస్తే మూడో జనరేషన్, లోపల పాత హార్డ్ డిస్క్. ఆన్ చేస్తే తెర రావడానికే నాలుగైదు నిమిషాలు పట్టేది. క్లాసు మొదలైపోయిందని వాడు ఏడుస్తుంటే నాకు చేతులాడలేదు. వెనక్కి తీసుకోమంటే షాపాయన ఒప్పుకోలేదు.

అందుకే షాపులోనే ఆన్ చేయించండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు మీటలూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పర్ఫార్మెన్స్ అన్నచోట ప్రాసెసర్ పూర్తి పేరు, ర్యామ్ ఎంతుందో, డిస్క్ వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీనా, నెమ్మదిగా నడిచే హార్డ్ డిస్కా అన్నీ కనిపిస్తాయి. మీ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టి చదివించండి. ఎస్ఎస్‌డీ లేకపోతే వద్దనండి. ర్యామ్ 16 అక్కర్లేదు, ఆమె చదువుకు 8 జీబీ సరిపోతుంది. ఈమధ్య ర్యామ్ ధరలు బాగా పెరిగాయి కూడా. ఇంకో స్లాట్ ఖాళీగా ఉంటే తర్వాత వేయించుకోవచ్చు.

సెకండ్ హ్యాండ్ అంటే భయపడకండి. బెంగళూరు, చెన్నై ఆఫీసులు కొన్నేళ్లు వాడి ఒకేసారి అమ్మేసే డెల్, హెచ్‌పీ, లెనోవో సీపీయూలు గట్టివి. వాటిలో ఎనిమిదో జనరేషన్‌ది వెతకండి.

మానిటర్ మాత్రం కొత్తదే కొనండి. ఈ ఒక్క విషయంలో నా మాట వినండి. పాప రోజూ గంటల తరబడి చూసేది దాన్నే. ఆ 19 అంగుళాల పాతవాటిలో బొమ్మను చూపే చుక్కలు (పిక్సెళ్లు) తక్కువ, అక్షరాలు ముతకగా కనిపిస్తాయి. 22 అంగుళాలు, ఫుల్ హెచ్‌డీ, ఐపీఎస్ ప్యానెల్ (పక్క నుంచి చూసినా రంగు మారని తెర) అని అడగండి. మీరు బట్ట కొనేటప్పుడు వెలుతురులోకి తెచ్చి చూస్తారు కదా, దీన్నీ అలాగే చూడాలి. నోట్‌ప్యాడ్ తెరిపించి తెల్ల పేజీని తెరంతా పెట్టించండి. ఎక్కడైనా నల్ల చుక్కో, పసుపు మరకో ఉంటే అక్కడే బయటపడుతుంది. తర్వాత పక్కకి జరిగి చూడండి, రంగు మారకూడదు.

పాత నీలం ప్లగ్గు వీజీఏ కేబుల్‌తో కలిపి ఇస్తే తీసుకోకండి, దానితో అక్షరాల అంచులు మసకబారవచ్చు. సీపీయూకి హెచ్‌డీఎంఐ లేకుండా డిస్‌ప్లే పోర్ట్ మాత్రమే ఉంటే, డిస్‌ప్లే పోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐకి వెళ్లే కేబుల్ అడగండి.

నా లెక్క ఇది: మానిటర్‌కి ఏడున్నర వేలు, సీపీయూకి 13 వేలు, యూపీఎస్‌కి మూడు వేలు, కీబోర్డు, మౌస్‌కి ఏడెనిమిది వందలు. ధరలు అటూఇటూ అయినా పాతిక దాటకుండా చూడొచ్చు. యూపీఎస్ మానేద్దామనుకోకండి. పని మధ్యలో కరెంటు పోతే సేవ్ చేయనిదంతా పోతుంది.

ప్రశ్న: చిత్తూరు నుంచి రాస్తున్నాను. ఇంట్లో నాలుగో జనరేషన్ కంప్యూటర్ ఉంది, విండోస్ 10. పారేయాల్సిందేనా?

జవాబు: పారేయకండి సార్. విండోస్ 10కి మామూలు సపోర్ట్ (భద్రతా అప్‌డేట్లు) 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది కాబట్టి బ్యాంకు పనులు మాత్రం దానిలో చేయకండి. ఎస్ఎస్‌డీ వేయించి విండోస్ బదులు లైనక్స్ మింట్ ఎక్కించండి, అది ఉచితం. తెలుగులో టైప్ చేసుకోవచ్చు, ఉత్తరాలు, లెక్కలు అందులోని లిబ్రేఆఫీస్ ప్రోగ్రామ్‌లో రాసుకోవచ్చు. ముందు మీ ఫొటోలు, ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. మింట్ ఎక్కించేటప్పుడు పాతవి చెరిగిపోవచ్చు.

ప్రశ్న: సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నైలో ఎలక్ట్రానిక్స్ షాపులుండే రిచీ స్ట్రీట్‌కి వెళ్తే చవగ్గా వస్తుందా? (తిరుపతి)

జవాబు: కొత్త మానిటర్‌కైతే కంపెనీ వారంటీ ఉంటుంది, ఎక్కడ కొన్నా బిల్లు జాగ్రత్త చేసుకోండి చాలు. సెకండ్ హ్యాండ్ సీపీయూకి వారంటీ ఇచ్చేది షాపాయనే. అది చెడితే మళ్లీ మోసుకుని రైలెక్కాలి. కాబట్టి సీపీయూని మీరు సాయంత్రం బండి మీద వెళ్లి రాగలిగే షాపులో కొని, మూడు నెలలో ఆరు నెలలో, వారంటీ ఎంతో బిల్లు మీద రాయించుకోండి.