హెచ్‌టీటీపీఎస్ ఉన్న షాపింగ్ సైట్‌కు బఫర్ ఓవర్‌ఫ్లో ముప్పు ఉంటుందా?

ఉంటుంది. కేటాయించుకున్న మెమరీలో (బఫర్‌లో) పట్టనంత డేటాను సర్వర్ ప్రోగ్రామ్ పొడవు చూసుకోకుండా రాసెయ్యడమే బఫర్ ఓవర్‌ఫ్లో. బ్రౌజర్‌కూ సర్వర్‌కూ మధ్య డేటాను ఎన్‌క్రిప్ట్ చేసే హెచ్‌టీటీపీఎస్ దీన్ని ఆపదు.

వెబ్ సర్వర్లు చాలావరకు సీ, సీ++లలో రాసినవే. ఆ భాషలు హద్దుల్ని వాటంతటవి చూడవు. 256 బైట్ల చోటులో 400 బైట్లు రాస్తే మిగిలినవి పక్క మెమరీ మీద పడతాయి. స్టాక్‌లోని (ఫంక్షన్లు తాత్కాలికంగా వాడుకునే మెమరీలోని) బఫరైతే, ఫంక్షన్ అయిపోయాక ఎక్కడికి తిరిగెళ్లాలో చెప్పే అడ్రస్ ఆ దగ్గర్లోనే ఉంటుంది. దాడి చేసేవాడికి కావాల్సిందీ అదే. దాన్ని మార్చి, ప్రాసెసర్ దాడివాడి కోడ్‌లోకి దూకేలా చెయ్యొచ్చు.

2001 జులైలో కోడ్ రెడ్ అనే వర్మ్ (తనంతట తానే వ్యాపించే ప్రోగ్రామ్) మైక్రోసాఫ్ట్ వెబ్ సర్వర్ ఐఐఎస్‌లోకి బఫర్ ఓవర్‌ఫ్లోతోనే దూరింది. రిక్వెస్ట్‌లో వరసగా 'N' అనే ఒకే అక్షరం పదేపదే, వాటి వెనకాలే కోడ్. ఆ లోపాన్ని సరిచేసే ప్యాచ్ జూన్‌లోనే వచ్చింది, వేసుకున్నవాళ్లే తక్కువ.

బ్రౌజర్‌లో తాళం గుర్తు కనిపిస్తే టెన్షన్ లేదని చాలామంది అనుకుంటారు. అది దారిలో డేటాను దాస్తుంది, అంతే. దాడి రిక్వెస్ట్ కూడా ఆ ఎన్‌క్రిప్షన్‌లోనే భద్రంగా సర్వర్‌కు చేరుతుంది. 2002లో వచ్చిన స్లాపర్ వర్మ్ అయితే ఏకంగా ఆ తాళం వేసే సాఫ్ట్‌వేర్ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లోని బఫర్ ఓవర్‌ఫ్లోనే వాడుకుంది.