చెంపదెబ్బకు ముందేం జరిగింది?

అమ్మాయ్,

భర్తల మీద చెయ్యి చేసుకునే ఆడవాళ్ల గురించి నువ్వు రాసిన వ్యాసం చదివాను. "ఆడవాళ్లూ మగవాళ్లతో సమానంగానే కొడతారు" అని మొదట్లోనే తేల్చేశావు. ఆ మాట ఎక్కడ పుట్టిందో చూడు. 1979లో అమెరికాలో సామాజిక శాస్త్రవేత్త ముర్రే స్ట్రాస్ ప్రచురించిన ప్రశ్నావళి తోశారా, కొట్టారా, ఎన్నిసార్లు అని అడుగుతుంది. ఎందుకని అడగదు. తప్పించుకోవడానికి తోసిన మనిషికీ, గోడకేసి తోసిన మనిషికీ ఒకే గడిలో టిక్కు పడుతుంది. గాయాల ప్రశ్నలు 1996 సవరణలో గానీ చేరలేదు. 2000లో మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ ఆర్చర్ చాలా అధ్యయనాలను కలిపి చూస్తే, చెయ్యి చేసుకోవడంలో ఆడవాళ్లు రవ్వంత ముందున్నారు. గాయపడ్డవాళ్లలో మాత్రం 62 శాతం ఆడవాళ్లే. ఈ రెండూ ఒకే పేరాలో రాయి. విడదీస్తే అబద్ధమవుతుంది.

మన దేశపు లెక్కలోనూ ఒక మెలిక ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21)లో, భర్త కొట్టని సమయంలో తామే కొట్టామన్న భార్యలు 4 శాతం. భర్త చేతిలో శారీరక హింసో, లైంగిక హింసో, రెండూనో ఎదుర్కొన్నవాళ్లు 29 శాతం. "కొట్టని సమయంలో" అంటే ఎన్నడూ కొట్టనివాడని కాదు. నిన్న కొట్టి ఇవాళ ఊరుకున్నవాణ్ణి కొట్టినా ఆ 4 శాతంలోకే వస్తుంది.

ఇక ప్రమాద కారకాలు, అంటే ఆడవాళ్లు చెయ్యెత్తే అవకాశం ఎక్కువగా కనిపించే పరిస్థితులు. వాటిని కారణాలని రాయకు. అన్నిటికన్నా బలంగా కనిపించేది భాగస్వామి చేతిలో తిన్న దెబ్బలే. చిన్నప్పటి హింస, అమ్మానాన్నలు కొట్టుకోవడం చూడటం, మద్యం, కుంగుబాటు, కోపం పట్టలేకపోవడం కూడా ఉన్నాయి. కానీ అలాంటి ఇళ్లలో పెరిగిన ఆడపిల్లల్లో చాలామంది ఎవరి మీదా చెయ్యెత్తరు. పైగా ఒక్కసారి అడిగి వదిలేసే సర్వేలో తాగుడు ముందో, గొడవ ముందో తెలియదు.

అదుపులో పెట్టుకోవడానికే కొట్టే ఆడవాళ్లూ ఉన్నారు. ఆ భర్త నొప్పిని తగ్గించి రాయకు.

మనుషులతో మాట్లాడేటప్పుడు భార్యాభర్తలను విడివిడిగా కూర్చోబెట్టు. ఎవరైనా వచ్చి కూర్చుంటే మాట మార్చెయ్. మొన్నటి గొడవనే తీసుకుని వరసగా అడుగు: ముందు ఎవరు, దేనితో, ఎవరికి దెబ్బ తగిలింది, ఆ రాత్రి ఎవరు భయపడ్డారు, డబ్బూ ఫోనూ ఎవరి చేతిలో ఉంటాయి. జవాబులు వచ్చాక, ఆ మొదటి వాక్యం కొట్టేసి మళ్లీ రాసి పంపు.