గేమ్ కన్సోళ్ల లెక్క కడుతున్న సౌజన్యకు

చి. సౌజన్యకు పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన ఎక్సెల్ పట్టిక చూశాను. కాలేజీ ప్రాజెక్టు అంటే క్లాసులో సగం మంది క్రికెట్ స్కోర్లు పట్టుకుంటారు. నువ్వు వీడియో గేమ్ కన్సోళ్లు, అంటే గేములు ఆడించే పెట్టెలు, ఏ ప్రాంతంలో ఎన్ని అమ్ముడయ్యాయో పోలుస్తానన్నావు, నాకు నచ్చింది. మీ నాన్నకి నచ్చలేదట, నిన్న శ్రీకాకుళం నుంచి ఫోన్ చేసి గంటసేపు గొణిగాడు. వాడి సంగతి నేను చూసుకుంటాను, నువ్వు పని కానియ్యి.

పట్టిక చూడ్డానికి ముచ్చటగా ఉంది. నాకు అనుమానం వచ్చింది కూడా అక్కడే. జపాన్, అమెరికా, యూరప్, ఇండియా అని నాలుగు వరసలు పెట్టావు, ఒక్క గడి కూడా ఖాళీ లేదు. ఈ వ్యాపారంలో అన్ని గడులూ నిండే లెక్క బయట ఎవరికీ దొరకదు. అంటే కొన్ని అంకెలు కంపెనీలవి, కొన్ని ఎవరో అంచనా కట్టినవి, అన్నీ ఒకే రంగులో ఒకే పట్టికలో కూర్చున్నాయన్నమాట. ముందు వాటిని విడదీయాలి.

ఇక్కడ విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర షాపులో టీవీలు, ఫ్రిజ్‌ల స్టాకు రిజిస్టర్లు రాసే బతికాను కదా, అక్కడ చూసింది చెప్తాను. మార్చి ఆఖరు వారం వస్తే కంపెనీ ఏరియా మేనేజరు వైజాగ్ నుంచి దిగేవాడు. ఆయన టార్గెట్ పూర్తి కావాలి. మాకు అవసరం ఉన్నా లేకపోయినా లారీ వచ్చేది, బిల్లు మీద మార్చి 31 పడేది. ఆ టీవీలు జూన్ దాకా మా గోడౌన్‌లోనే ఉండేవి. కంపెనీ లెక్కలో అవి మార్చిలోనే అమ్ముడైపోయాయి. మా రిజిస్టర్లో మాత్రం మూడు నెలలు స్టాకే. ఇద్దరిదీ నిజమైన లెక్కే తల్లీ. లెక్క కట్టిన గుమ్మం వేరు, అంతే.

కన్సోళ్లకీ ఇదే గొడవ. జపాన్ గేమ్ కంపెనీ నింటెండో తన నివేదికల్లో చెప్పే అంకె మొదటి గుమ్మం దగ్గరిది, అంటే షాపుల వాళ్లకు పంపిన సరుకు. జపాన్‌లో ఫామిట్సు పత్రిక వారం వారం ఇచ్చే అంకె రెండో గుమ్మం దగ్గరిది. షాపుల నుంచి సమాచారం తెప్పించుకుని, జనం ఎన్ని కొన్నారో కట్టే అంచనా అది. సోనీ అయితే 2007 దాకా ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన సరుకు లెక్క చెప్పేది, తర్వాత పద్ధతి మార్చింది. ఒకే కంపెనీ పాత అంకెనీ కొత్త అంకెనీ పక్కపక్కన పెట్టాలన్నా ఇది గుర్తుంచుకోవాలి. నువ్వు జపాన్ వరసలో ఫామిట్సు అంకె వేసి, అమెరికా వరసలో కంపెనీ అంకె వేశావు. అది కుదరదు.

మరీ బెంగ పెట్టుకోకు. ఉత్పత్తి ఆగిపోయిన పాత కన్సోల్ మొత్తం లెక్కలో ఈ తేడా చిన్నదే, గోడౌన్‌లో ఉన్నది ఎప్పటికో ఒకప్పటికి అమ్ముడుపోతుంది కాబట్టి. మొదటి మూడు నెలలు, మొదటి ఏడాది పోల్చేటప్పుడే ఇది ముంచుతుంది.

ఇంకో చిన్న చిక్కు. నింటెండో పట్టికల్లో అంకెలు పదివేల లెక్కలో ఉంటాయి, జపాన్ వాళ్లు అలాగే లెక్కపెడతారు. నింటెండో వాళ్ల చేతిలో పట్టుకుని ఆడే కన్సోల్ డీఎస్ ఎదురుగా 15402 అని కనిపిస్తే, వెయ్యితో భాగిస్తే కోట్లు వస్తాయి, అంటే 15.402 కోట్లు. అమెరికా వాళ్ల వార్తల్లో అదే 154 మిలియన్లు. నీ పట్టికలో 'వీ' (Wii, నింటెండో వాళ్ల టీవీ కన్సోల్) వరసలో ఒక చోట మిలియన్లు, పక్కన కోట్లు పడ్డాయి చూడు, 12.75 అని ఉంది. అది మిలియన్లలో ఉంది, అంటే 1 కోటి 27.5 లక్షలు. మొత్తం పట్టికని కోట్లలోకి మార్చేసి ఆ తర్వాతే కూర్చో.

ఇక ప్రాంతాల సరిహద్దులు. కంపెనీ 'అమెరికాలు' అంటే ఒక్క యునైటెడ్ స్టేట్స్ అనుకోకు. కెనడా, మెక్సికో, దక్షిణ అమెరికా అన్నీ అందులో కలిసే ఉంటాయి. 'వీ' అక్కడ 4.864 కోట్లు పోయింది. దాన్ని యునైటెడ్ స్టేట్స్ జనాభాతో భాగించి మనిషికి ఇన్ని అని రాశావు, అది కొట్టెయ్యి. అలాగే డీఎస్‌కి 'ఇతర ప్రాంతాలు' అని 6.11 కోట్లు ఉంటే దాన్ని తెచ్చి యూరప్ గడిలో వేశావు. ఆ 'ఇతర'లో ఆస్ట్రేలియా ఉంటుంది, ఆసియా దేశాలూ ఉంటాయి. గడి పేరే 'ఇతర ప్రాంతాలు' అని మార్చు.

ఈ జాగ్రత్తలన్నీ తీసుకున్నాక అసలు సరదా మొదలవుతుంది. మొత్తం మీద ఎవరు ఎక్కువ అమ్మారన్న పోటీ నాకు పెద్దగా రుచించదు. సోనీ ప్లేస్టేషన్ 2 పదహారు కోట్లు దాటింది, డీఎస్ పదిహేనున్నర కోట్లకి కొంచెం తక్కువ, రెండు వాక్యాల్లో అయిపోయింది. విడదీసి చూస్తేనే కథ బయటికొస్తుంది. నింటెండో 64ని దాని ముందు వచ్చిన సూపర్ ఫామికామ్ పక్కన పెట్టి చూడు. అమెరికా వాళ్లు దీన్నే సూపర్ నింటెండో అంటారు. సూపర్ ఫామికామ్ మొత్తం 4.91 కోట్లు, నింటెండో 64 మొత్తం 3.293 కోట్లు. తగ్గింది అని అందరూ రాస్తారు. ఎక్కడ తగ్గింది? అమెరికాల్లో 2.335 కోట్ల నుంచి 2.063 కోట్లకి, అంటే పెద్ద దెబ్బేం కాదు. జపాన్‌లో 1.717 కోట్ల నుంచి 55.4 లక్షలకి పడిపోయింది, మూడో వంతుకి! మొత్తం అంకె చూసినవాడికి కంపెనీ కొంచెం నీరసించినట్టు ఉంటుంది. విడదీసినవాడికి, సొంత ఊళ్లో కూలిపోయి పరాయి ఊళ్లో నిలబడినట్టు కనిపిస్తుంది.

ఎందుకంటావా? నింటెండో 64 క్యాసెట్టునే పట్టుకుని కూర్చుంది, సోనీ ప్లేస్టేషన్ సీడీకి వెళ్లింది. సీడీలో ఎక్కువ పడుతుంది, తయారీ చవక. జపాన్ జనానికి ప్రాణమైన కథల గేముల వాళ్లు అటు వెళ్లిపోయారు. ఫైనల్ ఫాంటసీ 7 గేమ్ 1997లో ప్లేస్టేషన్ మీద వచ్చింది, డ్రాగన్ క్వెస్ట్ 7 కూడా 2000లో దాని మీదే వచ్చింది. అమెరికా పిల్లలకి మాత్రం నలుగురూ ఒకే టీవీ ముందు కూర్చుని కొట్టుకునే గేములు కావాలి, గోల్డెన్ఐ లాంటివి. అవి నింటెండో దగ్గర ఉన్నాయి. ఒక్కో ప్రాంతంలో జనం దేని కోసం కన్సోల్ కొంటున్నారో తెలియకుండా అంకెలు మాత్రం రాస్తే నీ ప్రాజెక్టు కిరాణా చిట్టా అయిపోతుంది. రెండు మూడు కన్సోళ్లే తీసుకో, వాటి కథ చెప్పు. పద్దెనిమిది కన్సోళ్లు ఎందుకమ్మా?

ఒకటి తప్పకుండా పెట్టు, నింటెండో గేమ్‌క్యూబ్‌కీ మైక్రోసాఫ్ట్ మొదటి ఎక్స్‌బాక్స్‌కీ జరిగిన పోటీ. గేమ్‌క్యూబ్ ప్రపంచం మొత్తం మీద 2.174 కోట్లు, ఎక్స్‌బాక్స్ సుమారు 2.4 కోట్లు. పుస్తకాల్లో ప్లేస్టేషన్ 2 తర్వాత ఎక్స్‌బాక్స్‌కి రెండో స్థానం ఇస్తారు. జపాన్‌కి వెళ్లి చూస్తే గేమ్‌క్యూబ్ 40 లక్షలు పోయింది, ఎక్స్‌బాక్స్ సుమారు 5 లక్షల దగ్గర ఆగిపోయింది. పెట్టె పెద్దది, చేతిలో పట్టుకునే కంట్రోలర్ కూడా పెద్దదే. జపాన్ వాళ్ల కోసం మైక్రోసాఫ్ట్ చిన్న కంట్రోలర్ ప్రత్యేకంగా చేయాల్సి వచ్చింది. సెగా కంపెనీ కన్సోల్ మెగా డ్రైవ్‌దీ ఇలాంటి కథే. అమెరికాలో సూపర్ నింటెండోతో ఢీ అంటే ఢీ, జపాన్‌లో పీసీ ఇంజిన్ అనే ఇంకో కన్సోల్ వెనక మూడో స్థానం.

కాలం సంగతి మర్చిపోకు. ప్లేస్టేషన్ 2 జపాన్‌లో 2000 మార్చి 4న వచ్చింది, అమెరికాలో అక్టోబరు 26న. 2000 సంవత్సరం అమ్మకాలు అని పక్కపక్కన పెడితే జపాన్‌కి పది నెలలు, అమెరికాకి రెండు నెలలు. విడుదలైన రోజు నుంచి వారాలు లెక్కపెట్టి పోల్చు. అమెరికా నెలవారీ లెక్కలు సర్కానా అనే సంస్థ కడుతుంది, మునుపు ఎన్‌పీడీ అనేవారు. వాళ్ల నెలల్లో కొన్ని నాలుగు వారాలవి, డిసెంబరు లాంటివి ఐదు వారాలవి. నవంబరు నుంచి డిసెంబరుకి పెరిగిందని సంబరపడే ముందు వారాలతో భాగించు. పైగా వాళ్లు ఇప్పుడు బయటికి ఎక్కువగా ర్యాంకులే చెప్తారు, అంకెలు డబ్బు కట్టినవాళ్లకే. నింటెండో, సోనీల ఆర్థిక సంవత్సరం మనలాగే ఏప్రిల్ నుంచి మార్చి, నీకు అదొక్కటీ సుళువు.

జనాభాతో భాగించడం మంచిదే, కానీ ఒక మెలిక ఉంది. జపాన్‌లో డీఎస్‌లు 3.299 కోట్లు. దగ్గర దగ్గర ప్రతి నలుగురికీ ఒకటి. చేతిలో పట్టుకుని ఆడేది కాబట్టి అన్నకొకటి, చెల్లికొకటి. కొత్త మోడల్ వస్తే పాతది ఉండగానే ఇంకోటి కొంటారు. టీవీకి తగిలించే కన్సోల్ ఇంటికి ఒకటి చాలు. ఈ రెండు రకాల్నీ ఒకే వరసలో పెట్టకు.

ధర కూడా ప్రాంతాన్ని బట్టి మారుతుంది. 2025 జూన్ 5న నింటెండో కన్సోల్ స్విచ్ 2 వచ్చినప్పుడు జపాన్‌లో జపనీస్ భాష ఒక్కటే ఉన్న మోడల్ 49,980 యెన్లు, అన్ని భాషలూ ఉన్నది 69,980 యెన్లు. యెన్ విలువ పడిపోయి ఉన్న రోజులవి. బయటివాళ్లకి ఆ చవక మోడల్ పెద్దగా పనికిరాదు. కాబట్టి దాని అమ్మకాలు చాలావరకు జపాన్ ఇళ్లలోకే వెళ్లాయని అనుకోవచ్చు. ఇలా చెప్పుకోగలిగిన కన్సోళ్లు తక్కువ.

ఇప్పుడు ఇండియా వరస. ఎక్కడి నుంచి తెచ్చావమ్మా ఆ అంకెలు? తీసెయ్యి. స్విచ్‌ని నింటెండో మన దేశంలో అధికారికంగా విడుదల చేయలేదు. ఇక్కడ దొరికినవి దుబాయ్ నుంచో సింగపూర్ నుంచో వచ్చినవి. మీ ఫ్రెండ్ దగ్గర ఉన్న స్విచ్ వేరే దేశం లెక్కలో ఎప్పుడో పడిపోయింది. ప్లేస్టేషన్ 5 జపాన్, అమెరికాల్లో 2020 నవంబరు 12న వస్తే మనకి 2021 ఫిబ్రవరి 2న వచ్చింది. తొంభైలలో మా షాపులో పండగల ముందు తెగ పోయిన 'టీవీ గేమ్'లు చూడు, లిటిల్ మాస్టర్, టెర్మినేటర్, వాటి పసుపు క్యాసెట్లు. సిరిమాను జాతరకి పల్లెల నుంచి వచ్చినవాళ్లు పిల్లలు ఏడుస్తుంటే కొనేవారు. అవన్నీ సూపర్ ఫామికామ్‌కి ముందు వచ్చిన నింటెండో కన్సోల్ ఫామికామ్‌కి నకళ్లు. నింటెండో తన ఫామికామ్ 6.191 కోట్లు అమ్మానని చెప్పే అంకెలో విజయనగరంలో మారియో ఆడిన ఒక్క ఇల్లూ లేదు.

ప్లేస్టేషన్ 2 వచ్చాక మన ఊళ్లో గంటకింత అని ఆడించే గదులు వెలిశాయి. ఒక పెట్టె మీద వంద మంది గుంటలు ఆడేవారు, డిస్కులు కూడా కాపీవే. అమ్మిన పెట్టెల లెక్కతో ఆ ఆటగాళ్లని పట్టుకోలేవు. అయినా సోనీ ఇక్కడ ఆ మెషీన్‌ని చాలాకాలం వదల్లేదు. హైదరాబాద్‌లోని ఆరోనా టెక్నాలజీస్ 2009లో హనుమంతుడి మీద గేమ్ చేసింది కూడా ప్లేస్టేషన్ 2కే. అప్పటికి ప్లేస్టేషన్ 3 వచ్చి రెండేళ్లు దాటింది. బ్రెజిల్‌లోనూ ఇలాగే, టెక్‌టాయ్ అనే కంపెనీ సెగా మాస్టర్ సిస్టమ్‌ని మిగతా ప్రపంచం మర్చిపోయాక కూడా దశాబ్దాలు అమ్మింది. ఇండియాకి అంకెల వరస బదులు ఒక పేరా రాయి, బ్రెజిల్‌ని పక్కన పెట్టి.

ఎక్స్‌బాక్స్ విషయంలో మైక్రోసాఫ్ట్ 2015లో అమ్మిన పెట్టెల సంఖ్య చెప్పడం మానేసింది. తర్వాత 2022లో బ్రెజిల్ పోటీ నియంత్రణ సంస్థకి ఇచ్చిన పత్రాల్లో, ప్లేస్టేషన్ 4 ఎక్స్‌బాక్స్ వన్ కంటే రెట్టింపుకి పైగా అమ్ముడైందని తనే ఒప్పుకుంది. కంపెనీ ప్రకటనల్లో లేనివి ఇలాంటి పత్రాల్లో దొరుకుతాయి, వెతుకు. గ్రాఫులో ఎక్స్‌బాక్స్ గీత 2015 దగ్గర తెంపెయ్యి, అంచనాలతో పొడిగించకు. మాస్టారు ఎందుకు తెంపావని అడిగితే కారణం ఇదీ అని ఒక లైను కింద రాసి పెట్టు. ప్రతి అంకె పక్కన అది ఎవరిచ్చారు, ఏ తేదీ నాటిది అని రెండు వరసలు చేర్చు. సగం గడులు ఖాళీ అవుతాయి, కానియ్యి. అవి అయ్యాక మళ్లీ పంపు. అమెరికాల వరస నేను మొదట చూస్తాను.

మీ పెదనాన్న,
విజయనగరం