ఒకసారి ఫ్లూ వచ్చాక మళ్లీ ఎన్నాళ్లకు?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది విజయవాడ పటమట. సంక్రాంతికి ముందు నాకు జ్వరమొస్తే టెస్టులో ఇన్‌ఫ్లుయెంజా ఎ అన్నారు. వినాయక చవితి దాటగానే మళ్లీ జ్వరం, దగ్గు. ఈసారి మా అత్తగారికీ అంటుకుంది. ఆవిడకు 72 ఏళ్లు, షుగర్ ఉంది. తట్టు ఒకసారి వస్తే మళ్లీ రాదంటారు కదా, ఇది ఏడాది తిరక్కుండానే ఎలా వచ్చింది? నాకు ఇమ్యూనిటీ తగ్గిందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ ఒంట్లో లోపమేమీ లేదమ్మా, ఆ భయం వదిలేయండి.

తట్టు గురించి మీరు విన్నది నిజమే. ఫారో దీవుల్లో 1781 తర్వాత మళ్లీ 1846లో తట్టు చెలరేగింది. పీటర్ పానుమ్ అనే డెన్మార్క్ వైద్యుడు ఊరూరా తిరిగి చూస్తే, 65 ఏళ్ల కిందట తట్టు వచ్చి తగ్గిన ముసలివాళ్లలో ఆయనకు తెలిసినంతలో ఒక్కరికీ తిరిగి రాలేదు. తట్టు కూడా గాలిలోంచే సోకుతుంది. కానీ ఒళ్లంతా పాకి పొక్కులుగా బయటపడడానికి దాదాపు రెండు వారాలు తీసుకుంటుంది. ఈలోగా పాత జబ్బును గుర్తుపెట్టుకున్న కణాలు మేల్కొని వైరస్‌ను పట్టి ఆపే యాంటీబాడీలను తయారుచేసేస్తాయి.

ఫ్లూ అంత వ్యవధి ఇవ్వదు. రెండు మూడు రోజుల్లోనే ముక్కు, గొంతు పొరల్లో పెరిగిపోతుంది. దాన్ని గుమ్మంలోనే ఆపాలంటే ఆ పొరల మీద యాంటీబాడీలు ముందే సిద్ధంగా ఉండాలి. అవి నెలలు గడిచేకొద్దీ పలచబడతాయి. మామూలు జలుబు తెచ్చే కరోనా వైరస్‌లు ఏడాదికే మళ్లీ సోకడం అందుకే. పైగా ఫ్లూ వైరస్ రూపు మార్చుకుంటూ పోతుంది. రెండోసారి మీకొచ్చింది ఫ్లూయే కాకపోవచ్చు కూడా. జలుబు తెచ్చే రైనోవైరస్‌లే 160 రకాలకు పైగా ఉన్నాయి.

అలాగని శరీరం అంతా మర్చిపోదు. 1918 ఫ్లూ కాలంలో చిన్నపిల్లలుగా ఉన్నవాళ్ల రక్తంలో దాదాపు 90 ఏళ్ల తర్వాత కూడా ఆ వైరస్‌ను అడ్డుకునే యాంటీబాడీలు ఉన్నట్లు 2008లో కనిపెట్టారు. లోపలి జ్ఞాపకం జబ్బు రాకుండా ఆపలేకపోయినా, చాలామందిలో ముదరకుండా కాపాడుతుంది.

నా ఆలోచనంతా మీ అత్తగారి గురించే. ఆ వయసులో ఆ జ్ఞాపకం మందగిస్తుంది, దానికి షుగర్ తోడైంది. తగ్గాక ఆవిడకు ఫ్లూ టీకా వేయించండి, ఏటా వేయించండి. వైరస్ మారుతుంది కాబట్టే టీకానూ మారుస్తుంటారు. ఇప్పుడు మాత్రం ఆయాసం వచ్చినా, మత్తుగా పడుకునే ఉన్నా ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మెడికల్ షాపులో అడిగి యాంటీబయాటిక్ వేయకండి, వైరస్ మీద అది పనిచేయదు.

ఇంకొక మాట. మా గుంటూరు మిర్చి యార్డులో పనిచేసేవాళ్లు "నెలకోసారి వైరల్ వస్తోందండీ" అంటుంటారు. జ్వరం లేకుండా ఘాటు తగలగానే మొదలయ్యే దగ్గుకు ఆ ఘాటే కారణం కావచ్చు. ఎవరికైనా సరే, దగ్గు రెండు వారాలు దాటితే టీబీ ఉందేమో తేల్చుకోవడానికి ప్రభుత్వాసుపత్రిలో తెమడ పరీక్ష చేయించుకోవాలి. దానికి డబ్బు కట్టక్కర్లేదు.