మార్కులకు డబ్బులా? మా అక్క రాసిన ఎస్సార్ సంగతి వినండి

మీరడిగింది ఇదీ: ఏడో తరగతి చదివే మీ అబ్బాయి, 90 దాటిన ప్రతి సబ్జెక్టుకీ 500 ఇస్తేనే చదువుతానంటున్నాడు, ఇవ్వొచ్చా అని.

ఇవ్వొద్దండీ. అసలు జవాబు ఇంతే, తొందర పనుంటే ఇక్కడితో ఆపేయండి. ఖాళీగా ఉంటే మా ఇంట్లో జరిగింది చెబుతాను.

మా నాన్న ఆర్టీసీ కండక్టర్. నరసరావుపేటలో ఉండేవాళ్ళం, ఆయన డ్యూటీ ఎక్కువగా మాచర్ల, వినుకొండ వైపు వెళ్ళే ఎర్రబస్సుల్లో. ఇప్పట్లా చేతిలో మిషను కాదు, రేటుకో టికెట్ల బ్లాకు, పంచి కొట్టి చించి ఇవ్వడం. రాత్రి డిపోలో డబ్బు కట్టే ముందు ఎస్సార్ అని ఒక కాగితం రాయాలి. ప్రతి బ్లాకుకీ ఓపెనింగ్ నంబరెంత, క్లోజింగ్ నంబరెంత, తేడా ఎంత, రేటెంత, కలెక్షనెంత. సంచిలో డబ్బు ఆ లెక్కకు తగ్గితే షార్టేజీ, చేతి నుంచి కట్టుకోవాలి. ఇరవై ఏళ్ళు ఆ కాగితం రాసీ రాసీ ఆయనకు లోకమంతా అలాగే కనపడేది. ఎవరింటికైనా పెళ్ళికి వెళ్తే ఎన్ని విస్తళ్ళు లేచాయో చెప్పేవాడు.

1991లో నేను ఏడో తరగతి కామన్ పరీక్షలు రాసి లెక్కల్లో 41తో బయటపడ్డాను. ఆ ఎండాకాలం ఆయనకు ఎవరు చెప్పారో, డ్రైవరు బాబాయే చెప్పి ఉంటాడని నా అనుమానం, ఒక పథకం తెచ్చాడు. ఎనిమిదో తరగతి నుంచి ఏ సబ్జెక్టులోనైనా 60 దాటిన ప్రతి మార్కుకీ పావలా. క్వార్టర్లీకి ఇంత, హాఫియర్లీకి ఇంత, యాన్యువల్‌కి ఇంత, అక్కడికక్కడే చెల్లింపు.

క్వార్టర్లీలో పెద్దగా ఏమీ రాలేదు. హాఫియర్లీకి మాత్రం నేను కాస్త తెలివి మీరాను. ముందు హిందీ వదిలేశాను. హిందీలో నాకు ఎప్పుడూ యాభై చిల్లర, అది 60 దాటేదాకా ఎంత కష్టపడినా పైసా రాదు, ఎలాగూ హిందీకి పాస్ మార్కులు తక్కువే కదా, ఎందుకు దండగ అని. ఇంగ్లీషూ దాదాపు అంతే. లెక్కల్లో అయితే సూత్రం తెలిస్తే మార్కుల మీద మార్కులు, అందుకని దాని మీద పడ్డాను. పన్నెండేళ్ళ వాడికి వ్యాపారం ఎవరూ నేర్పక్కర్లేదండీ. మీరు రేటు పెట్టండి, ఏ సీటుకి గిరాకీ ఉందో వాడే చూసుకుంటాడు. మీ అబ్బాయీ అంతే, 90 దాటాలన్నారా, 70 వచ్చే సబ్జెక్టుని ముట్టుకోడు, 88 వచ్చేదాన్ని పట్టుకుని 91 చేస్తాడు, ఆ 70 కాస్తా 55 అవుతుంది.

లెక్కలు నాకు చెప్పింది మా అక్క. నాకంటే రెండేళ్ళు పెద్ద, అప్పుడు పదో తరగతి. డిసెంబరు చలిలో, కరెంటు పోతే కిరసనాయిలు దీపం ముందు కూర్చోబెట్టి కారణాంకాలు చేయించేది. ఊరికే చెప్పలేదు, ఒప్పందం ఉంది. 60 దాటాక లెక్కల్లో వచ్చే ప్రతి మార్కుకీ నా పావలాలోంచి తనకు పది పైసలు. సరేనన్నాను.

సంక్రాంతి సెలవులయ్యాక ప్రోగ్రెస్ కార్డులిచ్చారు. లెక్కలు 88, తెలుగు 75, సోషల్ 72, సైన్సు 70, ఇంగ్లీషు 61, హిందీ 39. నాన్న హిందీ వైపు చూడను కూడా చూడలేదు, అది పథకంలో లేదుగా. పెన్సిలు తీసుకుని 28, 15, 12, 10, 1 అని రాసి కూడాడు. 66 మార్కులు, 16 రూపాయల 50 పైసలు. మంచం మీద కూర్చుని చిల్లర సంచి విప్పి అర్ధరూపాయలు, పావలాలు వరసగా పేర్చి లెక్కపెట్టి ఇచ్చాడు. ఆ చప్పుడు నాకిప్పటికీ గుర్తుంది. జన్మలో అంత డబ్బు నా చేతిలో పడటం అదే మొదలు.

అక్క వంటింటి గడప దగ్గర నిలబడి చూస్తోంది. చేతిలో తన ప్రోగ్రెస్ కార్డు. క్లాసు ఫస్టు, అది మా ఇంట్లో వార్తే కాదు, వాన పడితే తడుస్తామన్నంత మామూలు విషయం.

"నాన్నా, నాకూ?" అంది.

నాన్న నవ్వాడు. "నీకెందుకమ్మా, నువ్వెట్టాగూ చదువుతావుగా" అన్నాడు.

ఆయన మెచ్చుకుంటున్నాననే అనుకున్నాడు. ఇప్పటికీ అలాగే అనుకుంటూ ఉండి ఉంటాడు, పైనుంచి. అక్క ఏమీ అనకుండా లోపలికెళ్ళింది. నేను నా 16 రూపాయల 50 పైసలు పుస్తకాల పెట్టెలో అడుగున దాచేశాను. తనకివ్వాల్సింది 28 మార్కులకి 2 రూపాయల 80 పైసలు. ఇవ్వలేదు. రేపిస్తాలే అనుకున్నానో, అసలు ఇవ్వకూడదనే అనుకున్నానో, నిజంగా గుర్తులేదు, రెండోదే అయి ఉంటుంది.

మర్నాడు రాత్రి నాన్న అన్నం తిని కూర్చున్నాక అక్క ఒక తెల్లకాగితం తెచ్చి ముందు పెట్టింది. స్కేలుతో గళ్ళు గీసి అచ్చం ఎస్సార్. బ్లాకు పేరు దగ్గర సబ్జెక్టు. లెక్కలు: ఓపెనింగ్ 60, క్లోజింగ్ 94, తేడా 34. తెలుగు: 60, 84, 24. సైన్సు 20, సోషల్ 18, హిందీ 16, ఇంగ్లీషు 12. మొత్తం 124. రేటు పావలా. కలెక్షన్ 31 రూపాయలు. జమ అయింది సున్నా. కింద గీత కొట్టి "షార్టేజీ: 31 రూపాయలు" అని రాసి, కండక్టర్ సంతకం అన్న చోట ఖాళీ వదిలింది.

నాన్న అలవాటు కొద్దీ కళ్ళజోడు పెట్టుకుని ప్రతి లైనూ చూసి పెన్సిల్‌తో టిక్కులు కొట్టుకుంటూ వచ్చాడు. లెక్క తప్పలేదు. షార్టేజీ దగ్గర ఆగాడు. ఇరవై ఏళ్ళలో ఆ మాట ఆయన మీద పడలేదని గొప్పగా చెప్పుకునేవాడు మరి. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. అమ్మ వంటింట్లోంచి, "నెలాఖరు, గుర్తుందా" అంది. అంతే, ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "ఈ రూటు నష్టాల్లో ఉంది. రద్దు చేశాం" అన్నాడు.

అందరం నవ్వాం. అక్క కూడా నవ్వింది. పథకం అక్కడితో పోయింది.

యాన్యువల్‌లో నాకు లెక్కల్లో 63 వచ్చాయి. డబ్బు ఆగింది, చదువు ఆగింది, చూశారా. అక్కకు పబ్లిక్ పరీక్షలుండి నీకు చెప్పలేదు కాబట్టి వచ్చాయి 63 అని మా ఆవిడ వాదన. నేనొప్పుకోను.

ఇదంతా మీ ఇంటి కథేగా, ఒకరి అనుభవం పట్టుకుని తీర్పు ఇచ్చేస్తారా అంటే, రోలండ్ ఫ్రయర్ అని హార్వర్డ్ ఆర్థికశాస్త్రవేత్త ఒకాయన 2007 నుంచి 2009 దాకా అమెరికాలో నిజంగానే స్కూలు పిల్లలకు డబ్బులు పంచి చూశాడు. న్యూయార్క్‌లో పరీక్షల్లో వచ్చే మార్కులకు ఇచ్చారు, షికాగోలో తొమ్మిదో తరగతి వాళ్ళకు ఏ గ్రేడుకి 50 డాలర్లు, బీకి 35, సీకి 20 అలా. ఈ రెండు చోట్లా చదువు పెరిగినట్టు పరీక్షల్లో తేలలేదు. డాలస్‌లో రెండో తరగతి పిల్లలకు మార్కుల ఊసెత్తకుండా, ఒక పుస్తకం చదివి దాని మీద చిన్న పరీక్ష పాసైతే 2 డాలర్లు ఇచ్చారు. అక్కడ కాస్త ఫలితం కనపడింది. ఎందుకంటే, పుస్తకం చదవడం పిల్లాడి చేతిలో ఉన్న పని. మార్కు వాడి చేతిలో లేదు. న్యూయార్క్ పిల్లల్ని మార్కులు పెరగాలంటే ఏం చేస్తావని అడిగితే, ప్రశ్న జాగ్రత్తగా చదువుతా లాంటివి చెప్పారట గానీ, టీచర్ని వెళ్ళి అడుగుతానన్న వాళ్ళు దాదాపు లేరట. నాకు కనీసం అక్కను అడగాలని తెలుసు. డబ్బు ఎగ్గొట్టాలనీ తెలుసు, అది వేరే సంగతి.

మన ప్రభుత్వాలకు కూడా ఈ మాత్రం తెలుసు. 2020 జనవరిలో ఆంధ్రాలో అమ్మఒడి మొదలైనప్పుడు ఏడాదికి 15 వేలు అన్నారు, పెట్టిన షరతు 75 శాతం హాజరు. మార్కులు కాదు. అదీ తల్లి ఖాతాలో. ఆ పథకం మంచిచెడ్డల జోలికి నేను పోను, పోతే ఇక్కడ కొట్టుకుంటాం. పిల్లాడు బడికి రావడానికి డబ్బు, ఫస్టు రావడానికి కాదు, ఆ తేడా ఒక్కటి చూడండి చాలు.

అసలు తప్పు పిల్లలది కూడా కాదు. రిజల్ట్స్ వచ్చిన సాయంత్రం టీవీ పెడితే చాలు, ఒకటీ ఒకటీ ఒకటీ రెండూ రెండూ అని ఊపిరి తీసుకోకుండా అరుస్తారు, ఆ ఫోటోల్లో పిల్లలు నవ్వుతున్నారో భయపడుతున్నారో తెలియదు. 2012లో పదో తరగతికి మార్కులు తీసేసి గ్రేడ్ పాయింట్లు పెడితే పోటీ తగ్గుతుందన్నారు, మర్నాటికే సందు సందునా టెన్ బై టెన్ అని ఫ్లెక్సీలు లేచాయి. తర్వాత మళ్ళీ మార్కులే వచ్చాయి. ఇక మా అపార్ట్‌మెంట్లో ధరలు వేరు. పదికి సైకిలు అనేది మా కాలం. ఇప్పుడు పదికి ఫోను, ఇంటర్‌కి బైకు, లైసెన్సు వయసు వచ్చిందా లేదా అని అడిగే దిక్కే లేదు. మూడో ఫ్లోర్ వాళ్ళు ఐఫోన్ కొనిచ్చారని తెలిసిన రోజు మా అమ్మాయి నన్ను చూసిన చూపు, అబ్బో.

నేనేమీ శుద్ధపూసని కాదు. పోయినేడాది మా అమ్మాయికి లెక్కల యూనిట్ టెస్టుకు ముందు, ఏదో టెన్షన్‌లో నోరుజారి, 20కి 18 వస్తే రెండొందలిస్తానన్నాను. 18 వచ్చాయి, ఇచ్చాను. ఆ ఆదివారం వాళ్ళమ్మ బెండకాయలు తరగమంటే, "దీనికెంత?" అని నన్నే అడిగింది, వాళ్ళమ్మని కాదు. నేను నవ్వాను, మా ఆవిడ నవ్వలేదు. ఇప్పుడు పాకెట్ మనీ నెలకింత అని ఇస్తున్నాం, మార్కులతో సంబంధం లేకుండా. మార్కులు బాగా వస్తే బిర్యానీ. రాకపోయినా ఆకలేస్తుంది కాబట్టి బిర్యానీయే.

మీరు అడగని ఒక మాట కూడా చెబుతాను. మీకు ఇంకో పిల్లో పిల్లాడో ఉన్నారో లేదో మీరు రాయలేదు. ఉంటే, వాళ్ళు అడక్కుండా చదివేవాళ్ళయితే, ఈ 500 సంగతి వాళ్ళు గడప దగ్గర నిలబడి చూస్తారు. చదవని వాడికి డబ్బు, చదివేవాళ్ళకి "నీకెందుకమ్మా". మా ఇంట్లో ఆ మాట పావలాలతో ఆగలేదు. ఇంటర్ అయ్యాక నన్ను అప్పు చేసి మరీ గుంటూరులో ఎంసెట్ కోచింగ్‌కి పంపారు, హాస్టలు, ఫీజులు అన్నీ. మార్కులు నాకంటే బాగా వచ్చిన అక్కని ఊళ్ళోనే డిగ్రీలో చేర్పించారు. అప్పుడూ అదే మాట, "నువ్వెక్కడ చదివినా చదువుతావుగా". చదివింది, నిజమే. తనే బ్యాంకు పరీక్షలు రాసుకుని ఉద్యోగం తెచ్చుకుంది, ఇప్పుడు మేనేజరు. నాకొచ్చిన ఎంసెట్ ర్యాంకు ఎంతని అడక్కండి, ఆ అంకెలకి కామా కూడా కావాలి.

ఇది రాయడానికి ముందు అక్కకి ఫోన్ చేశాను, వివరాలు సరిచూసుకుందామని. చదువంటే ఇష్టం ఉన్నవాళ్ళకి డబ్బు ఆశ చూపిస్తే ఆ ఇష్టం పోతుంది, నీకివ్వకపోవడమే మంచిదయింది కదే అన్నాను, మంచి పాయింటు దొరికిందనుకుని.

"నోర్ముయ్‌రా" అంది. "ఇచ్చుంటే తీసుకునేదాన్ని. ఆ 31 రూపాయలు పెట్టి ఏం కొనాలో అప్పటికే రాసి పెట్టుకున్నాను."

ఏం కొనాలనుకున్నావే అంటే చెప్పలేదు. ఆ ఎస్సార్ కాగితం మాత్రం తన దగ్గరే ఉందట, నాన్న పోయాక ఆయన పాత డైరీలో దొరికిందట. కండక్టర్ సంతకం అన్న చోట ఆయన సంతకం ఉందట, ఎప్పుడు పెట్టాడో ఇంట్లో ఎవరికీ తెలియదు.

నా 2 రూపాయల 80 పైసల సంగతి తనెత్తలేదు, నేనూ ఎత్తలేదు.