‘వందేళ్ల వరద’ పరిధిలో ఇల్లు కొంటే మన కాలంలో ముంపు రాదా?

రావచ్చు, ‘వందేళ్ల వరద’ అంటే ఏ సంవత్సరమైనా వచ్చే అవకాశం 1 శాతం ఉన్న వరద. పోయిన ఏడాది వచ్చి వెళ్లినా ఈ ఏడాది లెక్క మళ్లీ 1 శాతమే, వరద వంతులు వేసుకుని రాదు. అంకె చిన్నదే కానీ ఏటా పోగవుతుంది. ఉదాహరణకు, 30 ఏళ్ల హోమ్ లోన్ తీరేలోపు కనీసం ఒక్కసారైనా ఆ స్థాయి వరద వచ్చే అవకాశం సుమారు 26 శాతం.

‘ఇరవై ఏళ్లుగా ఇక్కడ నీళ్లు రాలేదు’ అన్న మాటను చాలామంది భరోసాగా తీసుకుంటారు. అంత స్థాయి వరద ఇరవై ఏళ్లలో రాకపోవడం మామూలే. పైగా ఈలోపు ఎగువన కాలనీలు, రోడ్లు పెరిగితే నేలలో ఇంకాల్సిన వాన నీరు పల్లానికే పరుగెడుతుంది. నది ఎంత దూరం అనే కన్నా స్థలం ఎంత మెరకలో ఉందో చూడాలి.